ఒక్కటే, సముద్రం వైపు

మార్చి 24, ఆదివారం

నిన్న చైనావాడు మన దీవుల సరుకుల పడవ మీద మళ్ళీ నీళ్ళ ఫిరంగి పెట్టాడు. చెక్కపడవ. అద్దాలు పగిలి లోపలివాళ్ళకి దెబ్బలు తగిలాయి. మనవాళ్ళు టీవీలో కూర్చుని నిరసన తెలిపారు. నిరసన చూసి ఒక్క ఓడైనా వెనక్కి పోయిందా? ఎదుటివాడు దవడ పగలగొడుతుంటే రిఫరీ వైపు చూసి మొహం మాడ్చుకునే బాక్సర్లని చాలామందిని చూశాను. ఒక్కడూ గెలవలేదు.

తుపాకి కాల్చడం నేర్పే మా క్లబ్బు రేంజికి ఈరోజు పదకొండుమంది కొత్తవాళ్ళు వచ్చారు. ముప్పైరెండేళ్ళు తుపాకుల ఫ్యాక్టరీలో లేత్ ముందు నిలబడి గొట్టాలు తీసినవాణ్ణి, ఇప్పుడు ఆదివారాలు క్లబ్బులో భద్రతాధికారిని. జీతం లేదు, ఒక ఈల ఇచ్చారు. "తూటా ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు" అని నాలుగుసార్లు చెప్పాను. ఒకడు ఆవులించాడు. బయటికి పొమ్మన్నాను.

మార్చి 30, శనివారం

నిన్న గుడ్ ఫ్రైడే, సీసం కరిగిస్తే పాపమని మా ఆవిడ సాలింగ్ గోలపెట్టింది. అందుకని ఈరోజు పెట్టుకున్నాం. ఎర్నింగ్ తన పంక్చర్ షాపు నుంచి పాత చక్రాల సీసపు బిళ్ళలు బకెట్టెడు మోసుకొచ్చాడు. వెనకే వాడి కూతురు రిజెల్.

గుండ్లు పోతపోసి చల్లారాక, పూత పట్టేందుకు రంగుపొడితో కలిపి ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసి గిలక్కొట్టాలి. ఆ పని రిజెల్ ఎవరికీ ఇవ్వదు. తొమ్మిదేళ్ళది, రెండు చేతులా డబ్బా పట్టుకుని ఒళ్ళంతా ఊపేస్తుంది. రంగు ఎంచింది కూడా అదే. క్లబ్బులో అందరివీ నలుపో ఎరుపో. "నినోంగ్, లేత అరిటాకు రంగు వేద్దాం" అంది. నేను దాని జ్ఞానతండ్రిని, బాప్తిస్మం రోజు నా చేతుల్లోనే ఉంది, కాదంటానా? రెండు పొడులు కలిపి చూస్తే సరిగ్గా కుదిరింది. ఈ దీవి మొత్తంలో ఆ రంగు గుండు ఇంకెవడి దగ్గరా లేదు.

డబ్బా మూత చిట్లింది. "అయితే నాకిచ్చెయ్, జడక్లిప్పులు పెట్టుకుంటా" అని పట్టుకుపోయింది. లోపలంతా ఆకుపచ్చ పొడి, కడగనైనా లేదు.

ఏప్రిల్ 7, ఆదివారం

వచ్చే ఆదివారం రెక్సన్ బాక్సింగ్ పోటీ. మన ఊరివాడు, వాళ్ళమ్మ ఇప్పటికీ రేవులో ఎండుచేపలు అమ్ముతుంది. ప్రపంచ టైటిలు, అమెరికాలో. పన్నెండు రౌండ్లు.

ఎర్నింగ్‌కి బాక్సింగ్ అంటే లెక్కలేదు. వాడికి బోనులో దొర్లే కుస్తీ కావాలి.

"మీ బాక్సింగ్‌లో సగంసేపు కావలించుకోవడమే కదా పారే" అన్నాడు. జ్ఞానస్నానంతో కలిసిన చుట్టరికం మాది, అందుకే ఒకర్నొకరం పారే అనుకుంటాం.

"మీవాళ్ళు కింద పడి కావలించుకుంటారు, మావాళ్ళు నిలబడి. ఆ మాత్రం పరువుంది మాకు."

"పరువు చూసుకుంటూ కూర్చో. పళ్ళు రాలేది మాత్రం ఇద్దరికీ ఒకటే."

నవ్వి నవ్వి కొబ్బరి కల్లు పొలమారింది. ఉక్రెయిన్ గురించి కూడా మాట్లాడుకున్నాం. తూటాలు అయిపోయాక ధైర్యం ఎన్నాళ్ళు పనికొస్తుందన్నాను. వాడు ఒప్పుకోలేదు. వాడు దేనికీ ఒప్పుకోడు.

ఏప్రిల్ 14, ఆదివారం

రెక్సన్ గెలిచాడు! తొమ్మిదో రౌండు, ఎడమచేత్తో కాలేయం మీద ఒక్క దెబ్బ. ఎదుటివాడు మోకాళ్ళ మీద కూలిపోయాడు, పది లెక్కపెట్టినా లేవలేదు. నేను ఏడ్చాను. అరవై ఒక్కేళ్ళవాణ్ణి, టీవీ ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఊరు ఊరంతా బాస్కెట్‌బాల్ కోర్టులో పెద్ద తెర కట్టుకుని చూసింది. నేను కొండమీద మా ఇంట్లోనే చూశాను, గోలలో నాకు కామెంటరీ వినపడదు. ఊళ్ళోంచి కేకలు, గిన్నెల చప్పుళ్ళు, ఎవడో తుపాకి కూడా కాల్చాడు, రెండుసార్లు. బాడోగాడే అయి ఉంటాడు. ప్రతి డిసెంబరు ముప్పై ఒకటిన, కొత్త సంవత్సరమని గాల్లోకి కాల్చకుండా, క్లబ్బు తరఫున ఇంటింటికీ తిరిగి తుపాకుల మూతులకి టేపు అంటించి సంతకం పెట్టేవాణ్ణి నేను. టేపు ఊడితే ఎవడు కాల్చాడో తెలిసిపోతుంది. బాడోది మాత్రం దొంగ తుపాకి, దానికి టేపూ లేదు, సంతకమూ లేదు.

నేనూ పెరట్లోకి వెళ్ళి కాల్చాను. ఒక్కటే, నిటారుగా, సముద్రం వైపు.

పొద్దున ఇరాన్‌వాడు ఇజ్రాయెల్ మీద మూడొందల దాకా వదిలాడట, డ్రోన్లు, రాకెట్లు. దాదాపు అన్నీ గాల్లోనే కూల్చేశారు. అదీ గురి అంటే.

ఏప్రిల్ 14, మళ్ళీ

ఎర్నింగ్ పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారు. రిజెల్ కోర్టు బయట ఐస్ కొనుక్కుంటూ పడిపోయిందట. ఎండదెబ్బ. ఈ ఎండలకి పెద్దవాళ్ళే తట్టుకోలేకపోతున్నారు. కొబ్బరినీళ్ళు తాగిస్తే లేచి కూర్చుంటుంది.

ఏప్రిల్ 15, సోమవారం

ఎండదెబ్బ కాదు.

ఏప్రిల్ 16, మంగళవారం

తల పైభాగాన, జుట్టులో, పాపిట దగ్గర చిన్న గాయం. జుట్టు ఒత్తు కాబట్టి కోర్టు దగ్గర ఎవరికీ కనపడలేదట. ఎక్స్‌రే తీస్తే లోపల గుండు ఉంది. నిన్న తీసేశారు. కళ్ళు తెరవలేదు.

బాడోని పట్టుకున్నారు. రెండు కాల్చానని వాడే ఒప్పుకున్నాడు. భయపడి తుపాకిని సముద్రంలో పారేశాడు. పారేశాడంటేనే వాడని తెలియడం లేదా?

నిటారుగా కాల్చిన గుండు పైకి పోయి, ఆగి, తిరిగి పడేటప్పుడు వేగం ఏమీ ఉండదు. ఫ్యాక్టరీలో ఇంజనీరే చెప్పాడు. పుర్రె పగలగొట్టేంత వేగం రాదు. నేను నిటారుగానే కాల్చాను.

ఇజ్రాయెల్లో కూడా గాల్లో కూల్చినదాని తునక ఒకటి ఏడేళ్ళ పిల్ల తలమీద పడిందట, ఇంటి కప్పు చీల్చుకుని. మూడొందల్లో ఆ ఒక్కటి. పేపరులో చివరి పేజీలో వేశారు.

బ్యారెల్ శుభ్రం చేశాను. చాలా రోజులైంది చెయ్యక.

ఏప్రిల్ 18, గురువారం

ఆస్పత్రికి వెళ్ళాను. లోపల ఒక్కొక్కర్నే పంపుతున్నారు. రిజెల్ తల గొరిగేశారు. నోట్లో గొట్టం. యంత్రం ఊపిరి పోస్తోంది. "ఇందాయ్, నా చిట్టితల్లీ, నినోంగ్ వచ్చాను" అన్నాను. చెయ్యి పట్టుకున్నాను. గోళ్ళ కింద ఆకుపచ్చ పొడి ఇంకా ఉందేమోనని చూశాను. లేదు. అయినా చూశాను.

బయట వరండాలో ఎర్నింగ్ ఫోను తీశాడు. పోలీసులు పంపిన ఫోటో. నలిగిపోయిన సీసం ముద్ద, ఒక పక్కన రంగు.

"పారే, ఇది నీ రంగే కదా?"

కాళ్ళు చేతులు ఆడలేదు. కానీ నోరు మాత్రం ఆడింది. "క్లబ్బులో చాలామందికి ఇచ్చాను ఎర్నింగ్. యాభై, వంద, లెక్కే లేదు. ఎవడు ఎవడికి అమ్ముకున్నాడో ఏం తెలుస్తుంది?"

"ఇచ్చావా? ఎప్పుడూ చెప్పలేదే."

"ఇలాంటివన్నీ చెబుతామా?"

వాడు ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. తరవాత ఫోను జేబులో పెట్టుకుని, "అన్నం తిన్నావా పారే?" అన్నాడు. కొబ్బరాకు బుట్టలో వండిన అన్నం, వేయించిన చేప తెచ్చిపెట్టాడు. తిన్నాను. అడిగి ఇంకో బుట్ట కూడా తిన్నాను.

నేను ఎవ్వరికీ ఇవ్వలేదు.

ఏప్రిల్ 19, శుక్రవారం

మిగిలిన గుండ్లు, రంగుపొడి పడవ మీద తీసుకెళ్ళి లోతు నీళ్ళలో వదిలేశాను. పాతబడిపోయాయి. తేమ పట్టిన పొడి అంటుకోదు.

బ్యారెల్ శుభ్రం చేశాను. ఈసారి ఫ్యాక్టరీ పద్ధతిలో, లోపల గీతలన్నీ కొత్త మెరుగు తేలేదాకా. ఆరుగంటలు పట్టింది. చేతిపని నా దగ్గర ఇంకా పోలేదు.

సాలింగ్ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎన్నిసార్లు తోముతావు?"

"తుపాకి అంటే తోముకోవాలి. నీ గిన్నెలు నువ్వు తోముకోవా?"

"గిన్నెలు ఎంగిలైతే తోముతాను" అని వెళ్ళిపోయింది.

నేను కాల్చిన రోజు సాలింగ్ పెరట్లోనే ఉంది, బట్టలు ఆరేస్తూ. నేను దాని మొహం చూడలేదు. ఇప్పుడూ చూడటం లేదు.

ఏప్రిల్ 22, సోమవారం

పోలీసులు వచ్చి నా పిస్తోలు పరీక్షకి తీసుకెళ్ళారు. "ఊళ్ళో లైసెన్సున్నవాళ్ళందరివీ తీసుకుంటున్నాం నోంగ్, ఏమనుకోకండి" అన్నాడు సార్జెంటు, పెద్దన్నని పిలిచినట్టు నోంగ్ అంటూ, మర్యాదగా. వాడికి తుపాకి పట్టుకోవడం నేర్పింది నేనే.

అమెరికావాళ్ళతో కలిసి మన సైన్యం ఈరోజు విన్యాసాలు మొదలుపెట్టింది. పదహారు వేలమంది. శత్రువు ఎవడో పేరు చెప్పరు. పేరు చెప్పలేనివాళ్ళు ఎవడితో యుద్ధం చేస్తారు?

ఏప్రిల్ 24, బుధవారం

కొంచెం వాలుగా కాల్చాను. నిటారుగా అంటే మామిడికొమ్మ అడ్డం వస్తుంది. సముద్రం వైపు, కొంచెం వాలుగా. మా ఇంటికీ సముద్రానికీ మధ్య ఏముందో నాకు తెలియదా? నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది ఆ బాస్కెట్‌బాల్ కోర్టు.

తెలుసు. ఆ క్షణంలో నాకు రెక్సన్ తప్ప ఏమీ గుర్తులేదు. రేంజిలో ఎవడైనా ఈ మాట అంటే వాడి లైసెన్సు చింపి మొహాన కొట్టేవాణ్ణి.

ఏప్రిల్ 27, శనివారం

రిజెల్ పోయింది. పొద్దున తొమ్మిదింటికి.

ఏప్రిల్ 28, ఆదివారం

రేంజికి వెళ్ళలేదు.

ఏప్రిల్ 30, మంగళవారం

చైనావాడు మళ్ళీ నీళ్ళు చిమ్మాడట. చిమ్మనీ.

పరీక్ష ఫలితం వచ్చింది. నా పిస్తోలు కాదట. గుండు మీది గీతలూ నా గొట్టం గీతలూ కలవలేదు. సార్జెంటు స్వయంగా తెచ్చి చేతికిచ్చి, సెల్యూట్ చేసి వెళ్ళాడు.

శవం ఇంకా ఇంట్లోనే ఉంది, మా ఆచారం ప్రకారం వారం రోజులు జాగారం, శనివారం ఖననం. మధ్యాహ్నం వెళ్ళాను. పందిరి కింద జాగారానికి వచ్చిన నలుగురు పేకాడుతున్నారు, ఆడవాళ్ళు వంటింట్లో గంజి కాస్తున్నారు. తెల్లపెట్టె, తెల్లగౌను. గొరిగిన తలకి వాళ్ళమ్మ నెనీటా లేసు టోపీ కట్టింది. నన్ను చూడగానే ఎర్నింగ్ లేచి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు. తెలిసిపోయిందనుకున్నాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ క్షణంలో హాయిగా అనిపించింది.

వాడు నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"పారే, నన్ను క్షమించు. నీ తుపాకి చూడమని పోలీసులకి చెప్పింది నేనే. ఆ రంగు చూసి నాకు మతి పోయింది. నిన్ను అనుమానించాను. దానికి ప్రాణం నువ్వంటే. ఇంతున్నప్పుడు ఈ చేతులతో ఎత్తుకున్నవాడివి, నిన్ను అనుమానించాను పారే."

నా మోకాళ్ళు పట్టుకుని వాడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. పందిరి కింద పేకముక్కలు కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను.

"లే ఎర్నింగ్. నీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నా మనసులో ఏమీ లేదు."

క్షమించాను. నేను వాణ్ణి క్షమించాను.

మే 4, శనివారం

పెట్టె మూసేముందు నెనీటా దాని వస్తువులన్నీ లోపల సర్దింది. స్కూలు పతకం, రంగుపెన్సిళ్ళు, చిట్లిన మూతతో ఐస్‌క్రీమ్ డబ్బా. డబ్బా నిండా క్లిప్పులు, అడుగున ఆకుపచ్చ పొడి. మూత పడి మేకులు దిగాక గాని ఊపిరి ఆడలేదు. ఏం మనిషిని నేను?

జ్ఞానతండ్రిని కదా, ముందు కుడిపక్క కొమ్ము నాదే. శ్మశానం దాకా మోశాను. బరువే లేదు. ఎర్నింగ్ నా పక్కనే నడుస్తూ, ఎండకి నా తలమీద తువ్వాలు కప్పాడు.

మే 5, ఆదివారం

సాలింగ్ బట్టలు సంచిలో పెట్టుకుంది. వాళ్ళ చెల్లెలింటికి పోతోందట.

"ఎర్నింగ్ నీ కాళ్ళు పట్టుకున్నాడని నెనీటా చెప్పింది. నిజమేనా?"

"నిజమే."

"నువ్వేమన్నావు?"

చెప్పాను. సంచి కింద పెట్టి నా మొహంలోకి చూసింది. ముప్పైఏడేళ్ళ కాపురంలో అలా ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు కాల్చినా కూడా నీతో ఉండేదాన్నేమో. తప్పు జరిగిపోయింది, మనిషన్నాక. నీ నోటితో నువ్వే చెబుతావని ఇరవై రోజులు నోరుమూసుకున్నాను, అది నా పాపం. కానీ ఆ బిడ్డ తండ్రి చేత నువ్వు క్షమాపణ చెప్పించుకున్నావు. ఛీ."

అన్నం వండి మూతపెట్టి వెళ్ళింది.

మే 6, సోమవారం

స్టేషనుకి వెళ్ళాను. మెట్లమీద బాడో పెళ్ళాం కూర్చుని ఉంది, అన్నం మూట ఒళ్ళో పెట్టుకుని. రోజూ అక్కడే ఉంటుందట. "నోంగ్, మీరు పెద్దవాళ్ళు, ఒక్కమాట చెప్పండి సారుకి" అంది.

లోపలికెళ్ళి చెప్పాను. అన్నీ వరసగా, దేనికీ తడబడకుండా. స్టేషను పెద్దాయన పెన్ను కింద పెట్టి విన్నాడు. లేచి తలుపు వేశాడు.

"నోంగ్, మీ పిస్తోలు కాదని ప్రయోగశాలే రాసిచ్చింది."

"గొట్టం నేను మెరుగుపెట్టాను."

"సరే, ఆ గుండ్లు చూపించండి."

"సముద్రంలో వేశాను."

"రంగుపొడి?"

"అదీ."

"మీ దగ్గర ఏముంది మరి?"

"నేనున్నాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "బాడో ఒప్పుకోలు మీద కేసు కోర్టుకి వెళ్ళిపోయింది. తుపాకి వాడూ సముద్రంలోనే వేశాడు, మీరూ సముద్రంలోనే వేశానంటున్నారు. పిల్ల పోయింది, మీ మనసు బాగాలేదు. ఇలా వచ్చేవాళ్ళు ప్రతి కేసుకీ ఒకరుంటారు. ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాడు. సార్జెంటుని పిలిచి నన్ను బండి మీద దింపిరమ్మన్నాడు. వాడు దారిపొడుగునా నా చెయ్యి తన నడుం చుట్టూ వేయించుకుని నడిపాడు, పడిపోతానేమోనని.

మే 7, మంగళవారం

పంక్చర్ షాపుకి వెళ్ళాను. ఎర్నింగ్ ట్యూబుని నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తున్నాడు. నిలబడే చెప్పాను. వాలుగా కాల్చానన్నది, వరండాలో అబద్ధం, బ్యారెల్, పడవ, అన్నీ. వాడు తల ఎత్తలేదు. బుడగలు కనపడిన చోట బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"పోలీసులు నమ్మడం లేదు. బాడో జైల్లో కుళ్ళిపోతాడు. పెట్టెలో పెట్టిన ఆ డబ్బాలో నా పొడి ఉంది ఎర్నింగ్. గుండు మీది రంగుతో పోల్చి చూస్తే తేలిపోతుంది. నువ్వు ఒక్కమాట అడిగితే చాలు, వాళ్ళు..."

అప్పుడు తల ఎత్తాడు.

"నేను అడిగాను కదా నిన్ను. వరండాలో."

నేను తొట్టి అంచు పట్టుకున్నాను.

"ఆ రోజు నిజం చెప్పి ఉంటే నిన్ను కొట్టేవాణ్ణి. చంపేవాణ్ణేమో. తరవాత, ఎప్పటికో, ఏమో." ట్యూబు తొట్టిలో పడేశాడు. "ఇప్పుడేమిటి, నువ్వు చెప్పింది నమ్మించుకోవడానికి నా బిడ్డని మళ్ళీ పైకి తీయమంటావా?"

"బాడో..."

"బాడో కోసం నేనే వెళ్తాను. ఆ రంగు కలపడం నా రెండు కళ్ళతో చూశానని చెబుతాను. వింటే వింటారు, లేకపోతే లేదు. నీ తుపాకి కాదని సంతకం పెట్టినవాళ్ళు ఇప్పుడు నా మాట వింటారా? నువ్వు వెళ్ళు."

పారే అనలేదు.

మే 9, గురువారం

ఎర్నింగ్ స్టేషనుకి వెళ్ళాడట. వాడికీ మనసు బాగాలేదన్నారట. వాణ్ణి కూడా బండి మీద దింపారు.

మే 10, శుక్రవారం

వకీలు దగ్గరికి వెళ్ళాను. ఫలితం రాసిచ్చిన కాగితం చూసి, "మీకేం భయం లేదు" అన్నాడు.

మే 12, ఆదివారం

క్లబ్బువాళ్ళు కారు పంపారు. జ్ఞానపుత్రిక పోయిన దుఃఖంలోనూ పనికి వచ్చానని అధ్యక్షుడు అందరి ముందూ మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు.

ఈరోజు పదిమంది కొత్తవాళ్ళు. రెక్సన్ గెలిచాక అందరికీ హుషారొచ్చింది. వరసలో నిలబెట్టాను. ఈల వేశాను. ఎవడూ ఆవులించలేదు, అందరూ నన్నే చూస్తున్నారు.

"తూటా ఎక్కడ ఆగుతుందో" అన్నాను.

తరవాతి మాట రాలేదు. వాళ్ళు వరసలో అలాగే నిలబడి ఉన్నారు, మిగతాది చెబుతానని.